రక్తదాత ఫారంలో కులం గడి వద్దు, బిగ్ సి – స్మాల్ సి గడులు పెట్టండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల రక్త మార్పిడి మండళ్ల పెద్దలకు,

నమస్కారం.

మన రక్త కేంద్రాల గోడల మీద, శిబిరాలకు కట్టే ఫ్లెక్సీల మీద ఒక పట్టిక తరచూ కనిపిస్తుంటుంది. ఓ గ్రూపు నూటికి 45 మంది, ఎ 40, బి 11, ఏబీ 4. కింద ఇంకో గీత గీసి పాజిటివ్ 85, నెగటివ్ 15 అని రాస్తారు. అంకెలు నిజమైనవే. కాకపోతే అవి అమెరికాలోని తెల్లవాళ్ల అంకెలు. ఎవరో ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలోంచి ఎత్తి రాశారు, ఫ్లెక్సీ షాపులవాళ్లు ఏళ్ల తరబడి అదే ఫైలు ప్రింటు తీస్తున్నారు.

మన దేశంలో జరిగిన పెద్ద లెక్కల్ని దగ్గర పెట్టుకుని చూస్తే ఓ సుమారు 37, బి 32, ఎ 23, ఏబీ 8 దగ్గర తేలతాయి. ఆ పట్టికలో తొమ్మిది మందికి ఒకరున్న బి, మన దగ్గర ముగ్గురికి ఒకరు. నెగటివ్‌లు నూటికి అయిదుగురే. మళ్లీ దేశమంతా ఒకటే తీరు కాదు. పంజాబు వైపు ఓ కంటే బి దే పైచేయి. మన వైపు ఓ ముందు, తర్వాత బి, ఆ తర్వాతే ఎ. ఇవన్నీ జనరల్ నాలెడ్జి ప్రశ్నలు అనుకుంటే ఈ ఉత్తరం రాయనక్కర్లేదు. ఫ్రిజ్‌లో ఏ గ్రూపు బ్యాగులు ఎన్ని ఉంచాలి, అర్ధరాత్రి ఎవరికి ఫోన్ కొట్టాలి, ఎవరిని శిబిరంలో కదిలించకుండా అత్యవసరానికి అట్టే పెట్టాలి అన్నవన్నీ ఆ అంకెల మీదే నడుస్తాయి.

నేను బ్లడ్ బ్యాంకు కౌంటర్ వెనక లాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైనదాన్ని. గ్రూపింగ్, క్రాస్‌మ్యాచ్ (దాత రక్తం రోగి రక్తంతో కలుస్తుందో లేదో చూడటం) చేసిన చేతులివి. మీతో చెప్పుకోవాల్సింది ఒక్కటే: జనానికీ జనానికీ రక్తంలో తేడా ఉన్న మాట నిజం. ఆ తేడాని పట్టుకోవాల్సింది మనిషి పుట్టుకని బట్టి కాదు, బ్యాగుని పరీక్షించి. ఫారంలో కులం రాయించుకుంటే చాలనేవాళ్లున్నారు, గ్రూపు తేలాక ఎర్రకణాల మీద చూడాల్సిన బిగ్ సి, స్మాల్ సి లాంటి గుర్తుల పరీక్ష మాత్రం మనం చేయడం లేదు.

ముందు తేలిగ్గా అర్థమయ్యే సంగతితో మొదలుపెడతాను. రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తగిలి రక్తం కారిపోతున్న మనిషి వస్తే, గ్రూపు తేలేలోపు ఓ నెగటివ్ ఎక్కించమని నర్సింగ్ విద్యార్థి దగ్గర్నుంచి సినిమా డాక్టర్ దాకా అందరూ చెబుతారు. ఆ సూత్రం పుట్టిన చోట నెగటివ్‌లు 15 మంది. బ్రిటన్‌లో ఓ నెగటివ్ వాళ్లే నూటికి ఏడుగురు ఉంటారు. మన దగ్గర 37లో అయిదు శాతం ఎంత? రెండు కూడా రాదు. బి నెగటివ్ సుమారు అరవై మందిలో ఒకరు, ఏబీ నెగటివ్ అయితే రెండొందల యాభై మందిలో ఒకరు. చైనాలో నెగటివ్‌లు నూటికి ఒకరు కూడా లేరు, అందుకే అక్కడ దాన్ని పాండా రక్తం అంటారు. స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దు కొండల్లోని బాస్క్ జనంలోనేమో నూటికి ముప్ఫై దాటి ఉంటారు. ఎవరి సూత్రం వాళ్ల ఫ్రిజ్‌ని బట్టి ఉంటుంది. పాశ్చాత్య దేశాల్లోనే చాలా ట్రామా కేంద్రాలు ఇప్పుడు మగవాళ్లకీ, కాన్పుల వయసు దాటిన ఆడవాళ్లకీ అత్యవసరంలో ఓ పాజిటివే ఎక్కిస్తున్నాయి. ఓ నెగటివ్‌ని ఆడపిల్లలకీ, ఇంకా పిల్లలు పుట్టే వయసు స్త్రీలకీ దాచి పెడుతున్నాయి. పదిహేను మంది ఉన్నవాళ్లే అంత పొదుపు చేస్తుంటే, అయిదుగురున్న మన దగ్గర ప్రతి కేంద్రం దాని మానాన అది నిర్ణయించుకోవడం ఏమిటి? రెండు మండళ్లూ కలిసి ఒకే ఆదేశం ఇవ్వొచ్చు.

నెగటివ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. తల్లిదండ్రులిద్దరూ పాజిటివ్, బిడ్డ నెగటివ్ అని రిపోర్టు వస్తే మన ఇళ్లల్లో ఎంత రాద్ధాంతం జరుగుతుందో ప్రసూతి వార్డులో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు. నూటికి అయిదుగురు నెగటివ్ ఉన్న జనంలో, తాము పాజిటివ్‌గా ఉంటూనే నెగటివ్ జన్యువుని లోపల మోస్తున్నవాళ్లు లెక్క ప్రకారం ముప్ఫై అయిదు మంది దాకా ఉంటారు. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు. అలాంటి ఇద్దరు దంపతులైతే నాలుగు కాన్పులకి ఒకటి నెగటివ్ కావడంలో వింతేమీ లేదు. ఈ ముక్క రిపోర్టు వెనక నాలుగు లైన్లలో అచ్చు వేయిస్తే ఎన్నో కాపురాలకి మేలు చేసినవాళ్లవుతారు.

ఇప్పుడు అసలు సంగతి. జనాల వారీగా రక్తం లెక్క కట్టడం ఎక్కడ మొదలైందో, ఎక్కడికి పోయిందో మీకు గుర్తు చేయాలి. ఎందుకో తర్వాత చెబుతాను.

1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ రక్తం గ్రూపుల్ని కనిపెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో, గ్రీసులోని సలోనికా రేవులో రకరకాల దేశాల సైన్యాలు పోగుపడి ఉన్నాయి. సెర్బియా సైన్యంతో పనిచేస్తున్న పోలండ్ డాక్టర్ లుడ్విక్ హిర్ష్‌ఫెల్డ్, ఆయన భార్య హన్నా, ఇద్దరూ డాక్టర్లే, అక్కడ దొరికిన సైనికుల్నీ, కాందిశీకుల్నీ జాతుల వారీగా పరీక్షించారు. మొత్తం ఎనిమిది వేల మంది పైచిలుకు. 1919లో లండన్‌లోని లాన్సెట్ పత్రికలో అచ్చయింది. ఇంగ్లీషు సైనికుల్లో ఎ నూటికి 43, బి ఏడు. భారతీయ సిపాయిల్లో ఎ 19, బి 41. పడమర నుంచి తూర్పుకి వస్తున్న కొద్దీ ఎ తగ్గి బి పెరుగుతోంది. దీనికి వాళ్లొక సూచీ కట్టారు: ఎ ఉన్నవాళ్లని బి ఉన్నవాళ్లతో భాగించడం, ఏబీలని రెండు వైపులా కలుపుకుని. ఇంగ్లీషువాళ్లకి నాలుగున్నర, మన సిపాయిలకి అర. బి గ్రూపు పుట్టిల్లు ఇండియాయే అయ్యుండొచ్చని ఊహ కూడా చేశారు.

ఊహ నిలవలేదు. ఎ, బి రెండూ మనిషి పుట్టకముందు నుంచీ ఉన్నవే, గిబ్బన్ కోతులతో మనం పంచుకుంటున్నవే అని తర్వాత జన్యు పరిశోధకులు తేల్చారు. ఇంకో సంగతి. అప్పటి బ్రిటిష్ ఇండియా సైన్యంలో భర్తీ ఎక్కువగా పంజాబు, వాయవ్య ప్రాంతాల నుంచే. ఆ 41 మొత్తం ఇండియా పేరు మీద పుస్తకాలకెక్కింది. మన ఫ్లెక్సీ పట్టిక వ్యవహారం ఎంత పాతదో చూడండి.

అయినా అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. 1926లో రక్తం గ్రూపుల పరిశోధనకని ఒక జర్మన్ సంఘం పెట్టారు. దాని వెనకున్న ఒట్టో రెహె జాతి సిద్ధాంతాల మనిషి. ఎ అంటే పడమటి మేలిజాతి, బి అంటే తూర్పు నుంచి వచ్చిన తక్కువ రక్తం అని పటాలు గీసే పని మొదలైంది. ఆ అంకెల్ని మొదట పోగుచేసిన హిర్ష్‌ఫెల్డ్ దంపతులు యూదు కుటుంబాల వాళ్లు. రెండో యుద్ధంలో వాళ్లని వార్సా గెట్టోలోకి తోలారు. అక్కడ కూడా ఆయన వైద్యం పాఠాలు చెప్పాడు. బతికి బయటపడ్డారుగానీ ఒక్కగానొక్క కూతురు దక్కలేదు.

ఇదంతా ఎందుకంటే, మన కౌంటర్ల దగ్గర అలాంటి గొంతు చిన్నగా వినిపిస్తుంటుంది. బ్యాగు తీసుకెళ్లడానికి వచ్చిన పేషెంటు తాలూకు పెద్దాయన కిటికీలోకి వంగి "ఇదెవరిచ్చిందమ్మా? మనవాళ్లేనా?" అని అడుగుతాడు. "మా సంఘం తరఫున శిబిరం పెడతాం, ఆ బ్యాగులు మావాళ్లకే అట్టే పెట్టాలి" అనేవాళ్లుంటారు. కొంచెం చదువుకున్నవాళ్లు సైన్సు భాషలో అడుగుతారు: "ఒక్కో కులంలో ఒక్కో గ్రూపు ఎక్కువంటారు కదా, ఫారంలో కులం రాయించుకుంటే వెతకడం తేలికవుతుంది కదా?"

వాళ్ల మాటలో సగం నిజం లేకపోలేదు. తరతరాలుగా లోపల్లోపలే పెళ్లిళ్లు చేసుకున్న చిన్న సమూహాల్లో అంకెలు పక్కకి జరుగుతాయి. కేరళలోని వయనాడు కొండల్లో ఉండే పణియర్ ఆదివాసుల్లో ఎ గ్రూపు సగానికి మించి ఉందని 1936లోనే మానవ శాస్త్రవేత్త అయ్యప్పన్ రాశారు. దక్షిణ అమెరికా ఆదివాసుల్లో దాదాపు అందరూ ఓ. కొన్ని చోట్ల రోగాలు కూడా చేయి వేశాయి: పశ్చిమ ఆఫ్రికాలో డఫీ అనే యాంటిజెన్, అంటే ఎర్రకణాల మీద ఉండే ఒక గుర్తు, దాదాపు ఎవరికీ లేదు. అది లేనివాళ్లకి వైవాక్స్ మలేరియా అంత తేలిగ్గా అంటుకోదని 1976లో తేలింది. ఓ గ్రూపు వాళ్లకి ఫాల్సిపారం మలేరియా ప్రాణాల మీదికి రావడం తక్కువ, కలరా మాత్రం గట్టిగా పట్టుకుంటుంది. కలరా తరతరాలుగా ఉన్న గంగా డెల్టాలో ఓ గ్రూపు తక్కువ కావడానికి అదే కారణమని అంటారు. మన హైదరాబాద్ సీసీఎంబీలో కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్ బృందాలు కలిసి చేసిన పనిలో కూడా, మన దేశంలో చాలా సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, మిగతావాళ్లతో కలవకుండా ఉండిపోయాయని తేలింది. వాళ్లు 2017లో ఇచ్చిన ఉదాహరణ మనకి తెలిసినదే: ఆర్యవైశ్యుల్లో కొందరికి ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మందు నిమిషాల్లో దిగిపోకుండా గంటలు గంటలు ఉండిపోతుంది. మత్తు డాక్టర్లు "మీరు వైశ్యులా?" అని అడగడం వెనక ఉన్నది అదే.

"మరి డాక్టర్లు అడగొచ్చుగానీ మనం అడక్కూడదా?" అంటారేమో. మత్తు డాక్టర్‌ది ఆపరేషన్ బల్ల దగ్గర ఒక అనుమానం, ఆ మనిషికే ఉపయోగపడే జాగ్రత్త. మన చేతిలో గ్రూపు తేల్చే సీరం సీసా ఉంది. దాత రక్తంలో చుక్క వేస్తే నిమిషంలో తెలిసిపోయే దానికి తాత పేరు ఎందుకు? జన్యు శాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ 1972లో ప్రపంచం నలుమూలల జనాల రక్తం గ్రూపులు, రక్తంలోని ప్రోటీన్లు తీసుకుని లెక్క వేశాడు. మనుషుల మధ్య ఉన్న వైవిధ్యంలో 85 శాతం ఒకే జనం లోపల కనిపించేదే, జాతుల మధ్య తేడా ఆరు శాతం దగ్గర తేలింది. బ్యాగు కోసం చూసేవాళ్లకి దీని అర్థం: కులం తెలిసినా ఆ మనిషి గ్రూపు తెలియదు, పరీక్ష ఎలాగూ చేయాల్సిందే. పరీక్ష చేశాక కులంతో పని లేదు. మధ్యలో ఆ గడి ఒక్కటి మిగిలిపోతే, రేపు కిటికీలో పెద్దాయన అడిగే ప్రశ్నకి మన కంప్యూటరే జవాబు చెప్పే రోజొస్తుంది.

ఇక మనం చేయని పరీక్ష గురించి.

రూలు ప్రకారం ప్రతి బ్యాగుకీ ఏబీఓ, పాజిటివో నెగటివో చెప్పే ఆర్‌హెచ్ డి చూస్తాం. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా చూస్తాం. అంతే. కానీ ఆర్‌హెచ్ అంటే డి ఒక్కటే కాదని మీకు తెలుసు. బిగ్ సి, స్మాల్ సి, బిగ్ ఈ, స్మాల్ ఈ ఉన్నాయి. ఆ పైన కెల్, డఫీ, కిడ్. జీవితంలో ఒకసారి రక్తం ఎక్కించుకునేవాళ్లకి వీటితో పెద్దగా పేచీ ఉండదు. మూడు వారాలకోసారి ఎక్కించుకోవాల్సిన థలసీమియా పిల్లలకి, సికిల్ సెల్ పిల్లలకి (రెండూ పుట్టుకతో వచ్చే రక్తం జబ్బులే) ఉంటుంది. తమ ఒంట్లో లేని యాంటిజెన్ పదే పదే లోపలికి వస్తుంటే ఏదో ఒక రోజు ఒళ్లు దాని మీద యాంటీబాడీ (దాన్ని ఎదిరించే ప్రతిరక్షకం) తయారుచేసుకుంటుంది.

ఆ రోజు ఎలా ఉంటుందో చెబుతాను. క్రాస్‌మ్యాచ్ చేసే జెల్ కార్డుని సెంట్రిఫ్యూజ్‌లోంచి తీసి వెలుతురుకి పట్టుకుంటే, కలిసిన రక్తం సన్నటి గొట్టం అడుక్కి జారి ఎర్రటి బొట్టులా కూర్చుంటుంది. కలవనిది కిందికి దిగదు, జెల్ పైనే ఎర్రగీతలా నిలబడిపోతుంది. బి పాజిటివ్ బాబు, ఫ్రిజ్ నిండా బి పాజిటివ్ బ్యాగులు. మొదటి గొట్టంలో గీత పైన. రెండోదాంట్లో పైన. మూడోది సగం దిగి ఆగింది. ఇంకో కార్డు తీశాను. కిటికీ దగ్గర ఆ బాబు తల్లి, చెవిలో ఫోను, కళ్లు నా మీద. "గ్రూపు ఒకటే కదా మేడం, మరి కలవకపోవడం ఏంటి?" పెద్ద ఊరికి శాంపిల్ పంపి యాంటీబాడీ ఏదో తెలుసుకునేసరికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ బాబు హిమోగ్లోబిన్ దిగుతూనే ఉంది. స్మాల్ సి మీద, బిగ్ ఈ మీద తయారైన యాంటీబాడీలు.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇదీ. స్మాల్ సి లేని రక్తం మన దగ్గర అరుదైనదా అంటే, కాదు. యూరప్‌లో అయిదుగురిలో ఒకరికే స్మాల్ సి లేకుండా ఉంటుంది. మన దేశంలో అయిదుగురిలో ఇద్దరికి పైగా లేదు. వాళ్లల్లో ఎక్కువమందికి బిగ్ ఈ కూడా ఉండదు. అంటే మన పిల్లలకి ఈ యాంటీబాడీ వచ్చే అవకాశం యూరప్ పిల్లల కంటే ఎక్కువ, కానీ సరిపోయే బ్యాగు దొరికే అవకాశం కూడా అంతే ఎక్కువ. ఆ బాబుకి పనికొచ్చే బ్యాగులు ఆ ఫ్రిజ్‌లోనే ఉన్నాయి, లేబుల్ మీద ఆ ముక్క రాసి లేదంతే. యూరప్ అంకెలు చూసి "అరుదైన రక్తం, మన వల్ల కాదు" అని చేతులెత్తేస్తున్నాం.

దాతకి ఈ పరీక్ష ఒక్కసారి చేస్తే జీవితాంతం సరిపోతుంది. యాంటిజెన్‌లు మారవు. మూడు నెలలకోసారి క్రమం తప్పకుండా వచ్చే దాతలు ప్రతి కేంద్రానికీ కొందరుంటారు, ముఖాలు మనకి తెలుసు. వాళ్లకి బిగ్ సి, స్మాల్ సి, బిగ్ ఈ, స్మాల్ ఈ, కెల్ చూసి కార్డు మీద రాయండి. పిల్లలకి మొదటి బ్యాగు ఎక్కించకముందే చూడండి. ఎక్కించాక చూస్తే దాత కణాలు కలిసిపోయి అసలు రిజల్టు తేలదు. థలసీమియా అంతర్జాతీయ సమాఖ్య మార్గదర్శకాలు ఎప్పటి నుంచో చెబుతున్నది ఇదే. అందరు దాతలకీ చేయమంటే రియేజెంట్ల ఖర్చు మోయలేమని నాకూ తెలుసు, అందుకే అందరికీ అనడం లేదు.

అమెరికావాళ్లకి ఈ పాఠం కష్టపడితేగానీ బోధపడలేదు. అక్కడ సికిల్ సెల్ రోగులు నల్లజాతి వాళ్లు, దాతలు ఎక్కువమంది తెల్లవాళ్లు. 1990లో విచిన్‌స్కీ బృందం చూస్తే, రక్తం ఎక్కించుకున్న సికిల్ సెల్ రోగుల్లో నూటికి ముప్ఫై మందికి యాంటీబాడీలు వచ్చాయి. ఇతర జబ్బులతో ఎక్కించుకున్నవాళ్లలో అయిదుగురికే. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో ఆఫ్రికా మూలాల జనంలో ఎక్కువగా కనిపించే ఆర్‌ఓ అనే ఉపరకం కోసం ఆ పేటలకే వెళ్లి, ఆ చర్చిలకే వెళ్లి దాతల్ని పిలవడం మొదలుపెట్టారు. ఫారంలో వంశం రాయించుకున్నా, చివరికి బ్యాగుని నిర్ణయించేది పరీక్షే.

మన దేశపు థలసీమియా పిల్లల్లో యాంటీబాడీలు వచ్చినవాళ్ల శాతం చాలా చోట్ల ఒక అంకెలోనే ఉంటోంది. దాతా రోగీ ఇంచుమించు ఒకే ప్రాంతపు జనం కావడం దానికి ఒక కారణం. కానీ ఆ మాట పాడేరు, రంపచోడవరం, సీతంపేట, ఉట్నూరు, ఏటూరునాగారం పిల్లల విషయంలో అంత ధీమాగా చెప్పలేం. సికిల్ సెల్ మన దేశంలో 1952లో నీలగిరి ఆదివాసుల్లో బయటపడింది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఎంతుందో ఐటీడీఏ ఆసుపత్రుల్లో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు. 2023 జూలై 1న కేంద్రం మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, ఏడు కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం. మంచిదే. ఆ పరీక్షలో జబ్బు ఉందని తేలిన బిడ్డకి రక్తం ఎక్కడి నుంచి వస్తుంది? కింద విశాఖలోనో వరంగల్‌లోనో కాలేజీ పిల్లలు ఇచ్చిన బ్యాగు. కొండ మీద శిబిరం పెట్టాలంటే "వాళ్లే రక్తం తక్కువతో ఉంటారు, వాళ్ల దగ్గరేం తీస్తాం" అంటారు. పన్నెండున్నర హిమోగ్లోబిన్ లేనివాళ్ల దగ్గర ఎవరూ తీయమనడం లేదు. ఉన్నవాళ్లున్నారు: టీచర్లు, గురుకులాల్లో చదివి వచ్చిన కుర్రాళ్లు, ఫారెస్టు, పోలీసు ఉద్యోగులు. వాళ్ల దగ్గరికి వెళ్లండి. తెగ పేరు రాయించుకోవద్దు, యాంటిజెన్‌లు చూసి కార్డు ఇవ్వండి. సికిల్ సెల్ ఉన్న బిడ్డల కార్డు మీద కూడా హిమోగ్లోబిన్ రకం పక్కన అవే రాయండి.

బాంబే గ్రూపు మాట చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. 1952లో బొంబాయిలో వై. ఎం. భెండే బృందం కనిపెట్టింది కాబట్టి ఆ పేరు. ఎ, బి తయారవడానికి ఆధారమైన హెచ్ పదార్థమే వీళ్లకి ఉండదు. మామూలు గ్రూపింగ్‌లో అచ్చం ఓ లాగే కనిపిస్తారు. రివర్స్ గ్రూపింగ్‌లో, అంటే ఆ మనిషి సీరంని తెలిసిన గ్రూపు కణాలతో కలిపి చూసేటప్పుడు, ఓ కణాలు కూడా వేసి చూస్తే ఆ గొట్టంలో గడ్డ కడుతుంది, అప్పుడే దొరుకుతారు. ఓ కణాలు వేయని కేంద్రంలో వీళ్లు ఓ పాజిటివ్ అనే కార్డుతో ఇంటికి పోతారు. ఓ బ్యాగు ఎక్కిస్తే ప్రాణాల మీదికి వస్తుంది. క్రాస్‌మ్యాచ్ ఆదుకుంటుందనుకోండి, అర్ధరాత్రి ప్రసవం కేసులో అది తెలిసేసరికి చేతిలో బ్యాగు ఉండదు.

యూరప్‌లో పది లక్షలకి ఒకరు, మన దేశంలో సుమారు పది వేలకి ఒకరు అంటారు. పది వేలకి ఒకరన్నది అందరికీ ఒకేలా వర్తించే లెక్క కాదు. మేనరికాలు ఉన్న చోట మారిపోతుంది. జాతీయ సర్వేల్లో రక్తసంబంధీకుల పెళ్లిళ్లలో ముందుండేది దక్షిణాది రాష్ట్రాలే. ఆ జన్యువు వందకి ఒకటి చొప్పున ఉందనుకుని లెక్క వేయండి: బయటి సంబంధంలో పుట్టిన బిడ్డకి పది వేలలో ఒక అవకాశం. అత్త కొడుకుని, మామ కూతుర్ని చేసుకుంటే పద్నాలుగు వందల్లో ఒకటి. మేనమామనే చేసుకుంటే ఏడొందల యాభైలో ఒకటి. కాబట్టి ఒక బాంబే గ్రూపు మనిషి దొరికితే ముందు పరీక్షించాల్సింది వాళ్ల అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్లని. తోబుట్టువు కూడా అదే గ్రూపు కావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఇంతకంటే చవకైన అన్వేషణ ఇంకోటి లేదు. ముంబైలోని జాతీయ ఇమ్యునోహెమటాలజీ సంస్థ అరుదైన దాతల జాబితా నడుపుతోంది. మన రెండు రాష్ట్రాల్లో దొరికిన ప్రతి మనిషి పేరూ, వాళ్ల సమ్మతితో, అక్కడికి చేరాలి. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగితే లాభం లేదు.

జిల్లాల వారీ అంకెలు అచ్చు వేయమని కూడా అడుగుతున్నాను. రిజిస్టర్లన్నీ మన దగ్గరే ఉన్నాయి. కానీ ఉన్నవి ఉన్నట్టు కూడితే తప్పుడు లెక్క వస్తుంది. నెగటివ్‌లని మనమే ఫోన్లు చేసి రప్పిస్తాం, కాబట్టి రిజిస్టర్లో వాళ్లు జనంలో కంటే ఎక్కువగా కనిపిస్తారు. బ్రిటన్‌లో ఓ నెగటివ్‌లు జనంలో ఏడు శాతం, దాతల్లో పదమూడు శాతం, అదంతా పిలిచి రప్పించిన ఫలితమే. శిబిరాల్లో మొదటిసారి ఇచ్చినవాళ్లని మాత్రమే తీసుకుని, మండలాల వారీగా కూడండి. ఆడవాళ్లు దాతల్లో మరీ తక్కువ, కానీ గర్భిణులకి ప్రతి పీహెచ్‌సీలో గ్రూపింగ్ చేస్తున్నాం కదా, ఆ అంకెలు పేర్లు లేకుండా కలుపుకుంటే ఆ వెలితి తీరుతుంది. ఆ లెక్క వచ్చాక ఆ ఫ్లెక్సీ ఫైలు మార్పించండి.

ఖర్చు మాటకొస్తే, హీరోల పుట్టినరోజులకీ, నాయకుల పుట్టినరోజులకీ ఒక్క రోజున వందల బ్యాగులు తీసి, ముప్ఫై అయిదు, నలభై రెండు రోజుల గడువు దాటాక పారబోసే దానికి అవుతున్న ఖర్చు మీ ఫైళ్లలోనే ఉంది. కాలేజీలకి సెలవులిచ్చే మే నెలలో మళ్లీ కరువే. అభిమాన సంఘాలవాళ్లు మాట వింటారు. చెప్పేవాళ్లు కావాలి. మూడొందల మందిని ఒకేరోజు పడుకోబెట్టే బదులు నూటయాభై మంది దగ్గర రక్తం తీసి, మిగతా నూటయాభై మందికీ గ్రూపింగ్, ఆర్‌హెచ్, కెల్ పరీక్షలు చేసి మే నెలకి తేదీలు రాసి ఇవ్వమనండి.

మొదట విశాఖ, హైదరాబాద్, వరంగల్, తిరుపతిలో ఒక్కో ప్రభుత్వ కేంద్రానికి యాంటిజెన్‌లు తేల్చే యాంటీసీరాలు, రోగి రక్తంలో యాంటీబాడీలున్నాయేమో చూసే స్క్రీనింగ్ సెల్స్ ఇవ్వండి. చుట్టుపక్కల జిల్లాల శాంపిళ్లు అక్కడికే వెళ్లేలా, రిజల్టు అదే రోజు ఫోనులో వచ్చేలా ఏర్పాటు చేయండి. స్క్రీనింగ్ సెల్స్ బయటి దేశం నుంచి కొంటే అవి ఆ దేశపు దాతలవి. మన జనంలో ఉండే కొన్ని యాంటిజెన్‌లు వాటి మీద ఉండవు. 1973లో బొంబాయిలో బయటపడి ఇండియన్ అనే పేరు పెట్టుకున్న ఇన్-ఎ యాంటిజెన్ మన జనంలో నూటికి మూడు నాలుగు ఉంటుంది, యూరప్‌లో చాలా అరుదు. మన దాతల నుంచి సెల్స్ తయారుచేసుకోవడం పెద్ద బోధనాసుపత్రుల బ్లడ్ బ్యాంకులకి అసాధ్యమేమీ కాదు. దాతలు దొరికాక, శిక్షణ ఇవ్వడానికి నాలాంటి రిటైరైనవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాం. పిలిస్తే వస్తాం, టీఏ బిల్లు అడగం.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్లడ్ బ్యాంకు లాబ్ టెక్నీషియన్